హైదరాబాద్‌లో మనవైపు వాళ్ళు ఇంతమంది ఎలా తగులుతారు?

అడిగిన అబ్బాయిది కోనసీమలో మలికిపురం వైపు. కేపీహెచ్‌బీలో హాస్టల్, హైటెక్ సిటీలో ఉద్యోగం, హైదరాబాద్ వచ్చి ఇంకా ఏడాది కాలేదు. ఈలోపే అమీర్‌పేట మెట్రోలో హైస్కూల్ లెక్కల మాస్టారు, ఒక పెద్దాసుపత్రి లిఫ్టు దగ్గర వాళ్ళ వీధి చివరింటి ఆవిడ, ఆదివారం చేపల కొట్టు దగ్గర కాలేజీ సీనియర్ తగిలారట. కోటిమంది ఉన్న నగరంలో ఇదెలా కుదురుతుంది, దీనికేమైనా అర్థం ఉందా, ఎవరికంటా పడకూడదనుకుంటే దారేమిటి అని అడిగారు. ముగ్గురిలో ఇద్దరు కనపడిన రోజు సాయంత్రానికల్లా వాళ్ళమ్మగారికి ఫోన్ వెళ్ళిపోయిందట. ఆ మూడో ప్రశ్న ఎందుకొచ్చిందో అక్కడే తెలిసింది.

నేను పాలకొల్లు వైపు డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. కొన్నాళ్ళు ఊళ్ళో, కొన్నాళ్ళు కూకట్‌పల్లిలో మా అబ్బాయి దగ్గర ఉంటాను. కాబట్టి లెక్కా చెప్పగలను, లోకమూ చెప్పగలను.

ముందు ప్రశ్నలో ఉన్న తిరకాసు చూద్దాం. "కోటిమందిలో మా మాస్టారే కనపడాలా?" అంటున్నారు మీరు. కానీ ఆ రోజు మాస్టారు కనపడాలని అనుకుని మీరు బయల్దేరలేదు కదండీ. ఆయన బదులు మీ ఇంటర్ క్లాస్‌మేటో, మీ మేనత్తగారి పక్కింటాయనో కనపడినా ఇదే ప్రశ్న వేసేవారు. "ఫలానా మనిషి కనపడటం" వేరు, "తెలిసినవాళ్ళలో ఎవరో ఒకరు కనపడటం" వేరు. రెంటికీ మధ్య ఎంత దూరముందో చిన్న గుణకారం చేస్తే తెలిసిపోతుంది.

2011 జనగణనలో హైదరాబాద్ శివార్లతో కలిపి 77 లక్షలు. ఇప్పుడు లెక్క తేలిగ్గా ఉండటానికి కోటి అనుకుందాం. చూడగానే గుర్తుపట్టగల మనుషులు ఈ నగరంలో మీకు 400 మంది ఉన్నారనుకోండి. ఎక్కువనిపిస్తే ఒకసారి కూడుకోండి. పదో తరగతి, ఇంటర్, ఇంజినీరింగ్ బ్యాచ్‌లు, వాళ్ళ సీనియర్లు, ఊరివాళ్ళు, రెండు వైపులా చుట్టాలు, చిన్నప్పటినుంచి తిన్న పెళ్ళిభోజనాల్లో పరిచయమైనవాళ్ళు. మనవైపు పెళ్ళంటే వెయ్యిమందికి విస్తరి వేస్తే గానీ పెళ్ళనిపించదు. అందులో చదువుకున్న కుర్రకారు చాలామంది హైదరాబాద్‌లోనే ఉంటున్నారు. 400 అనేది నేను తగ్గించి చెప్పిన అంకె.

రోజూ మీరు రోడ్డు మీద, మెట్రోలో, ఆఫీసులో, టిఫిన్ సెంటర్ దగ్గర గుర్తుపట్టేంత దగ్గరగా చూసే ముఖాలు 500 అనుకుందాం. ఎవరు ఎక్కడైనా, ఎప్పుడైనా ఉండొచ్చనీ అనుకుందాం. అప్పుడు మాస్టారొక్కరే కనపడే అవకాశం రోజుకి 500 బై కోటి, అంటే 20,000లో ఒకటి. సగటున 20,000 రోజులకొకసారి. 55 ఏళ్ళు నడుస్తుంది! అదే 400 మందిలో ఎవరైనా సరే అన్నారనుకోండి, 50 రోజులకొకసారి. ఏడాదికి ఏడుగురు. ముగ్గురే కనపడ్డారంటే, మీరు ఇంకా చుట్టూ చూడకుండా ఫోన్‌లో తల పెట్టుకుని నడుస్తున్నారేమోనని నా అనుమానం.

అయితే సగటు అన్నాక యాభయ్యో రోజున ఒకరు, నూరో రోజున ఇంకొకరు అని క్యూలో రారు. వరసగా 50 రోజులు ఒక్కరూ కనపడకుండా గడిచే అవకాశం ఇదే లెక్కలో 36 శాతం ఉంది. అలా రెండు నెలలు ఎండగట్టి, తర్వాత ఒకే వారంలో ఇద్దరు తగులుతారు. ఆ వారంలోనే మనకి "ఇందులో ఏదో ఉంది" అనిపిస్తుంది. ఏమీ లేదు, లెక్క స్వభావమే అంత.

క్లాసులో పుట్టినరోజుల లెక్క చెప్పినప్పుడూ ఇదే గోల. 23 మంది ఉన్న గదిలో ఏ ఇద్దరికైనా పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగం కంటే ఎక్కువ. ఏడాదికి 365 రోజులుంటే 23 మంది ఎలా సరిపోతారండీ అని పిల్లలు దెబ్బలాటకొచ్చేవారు. 23 మందిలో 253 జతలుంటాయి, మనం మాత్రం మన పుట్టినరోజు ఇంకొకరితో కలుస్తుందా అని ఒక్కవైపు నుంచే చూస్తాం. పెర్సీ డయకోనిస్, ఫ్రెడరిక్ మోస్టెల్లర్ అని ఇద్దరు అమెరికా గణాంక శాస్త్రజ్ఞులు 1989లో కాకతాళీయాల మీద ఒక పెద్ద వ్యాసం రాశారు. సందర్భాలు బోలెడుంటే ఎంతటి విడ్డూరమైనా ఎక్కడో ఒకచోట జరిగి తీరుతుందనేది వాళ్ళు తేల్చిన ముఖ్యమైన సంగతుల్లో ఒకటి.

ఇంతవరకూ చెప్పింది సగమే. "ఎవరు ఎక్కడైనా ఉండొచ్చు" అన్నాను చూశారా, అదే అబద్ధం. అసలు కిటుకు అక్కడుంది. దాన్ని అర్థం చేసుకోవడానికి మీకంటే అదృష్టవంతులు లేరు, ఎందుకంటే మీరు కోనసీమలో పుట్టారు.

మ్యాపు తీయండి. ఒక పక్క గౌతమి, ఒక పక్క వశిష్ఠ, నడిమధ్య వైనతేయ, మూడూ గోదావరి పాయలే, కింద సముద్రం. కోనసీమ నుంచి బయటపడే దార్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. రావులపాలెం నుంచి జొన్నాడ వైపు ఒక వంతెన, సిద్ధాంతం వైపు ఒక వంతెన. యానాం పోవాలంటే ఎదుర్లంక వంతెన. మీ రాజోలు దీవి వాళ్ళకైతే చించినాడ వంతెన, లేదా సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్ళని కూడా ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి నర్సాపురం. అమలాపురానికి ఇవాళ్టికీ రైలు కూత లేదు. కోటిపల్లి–నర్సాపురం లైను పనులు ఏళ్ళ తరబడి సాగుతూనే ఉన్నాయి. అందుకని రైలెక్కాలంటే ఎవరైనా సరే రాజమండ్రో, పాలకొల్లో, నర్సాపురమో, తణుకో చేరాల్సిందే.

ఒక్కసారి ఆ పంటు తలుచుకోండి. బైకులు, ఆటోలు, పాలక్యాన్లు, సంచుల్లో కూరగాయలు, మధ్యలో మనం. ఇంజను చప్పుడుకి పక్కవాడి మాట వినపడదు. అయినా ఎవరో ఒకాయన బైకు హ్యాండిల్ పట్టుకునే "ఏమ్మా, ఎప్పుడొచ్చావ్? నాన్నగారెలా ఉన్నారు?" అని మొదలెడతారు. అవతలి రేవు తగిలేలోపు మీ కంపెనీ, జీతం, సంబంధాలు చూస్తున్నారా లేదా, మూడూ విచారణ అయిపోతాయి. అక్కడ ఎవరు తగిలినా మీరు ఆశ్చర్యపోయారా ఎప్పుడైనా? లేదు. పోవడానికి అదొక్కటే దారి గనక అందరూ అక్కడికే వస్తారని మీకు తెలుసు.

హైదరాబాద్‌లోనూ పంట్లు ఉన్నాయి. నీళ్ళు లేకపోవడం వల్ల మనకి కనపడవు, అంతే.

గోదావరి జిల్లాల జనం హైదరాబాద్ అంతటా సమానంగా లేరు. కూకట్‌పల్లి, కేపీహెచ్‌బీ, నిజాంపేట, ప్రగతినగర్, మియాపూర్, చందానగర్ వైపు బాగా చిక్కగా ఉంటారు. ఒకాయన హౌసింగ్ బోర్డు కాలనీలో ఇల్లు తీసుకుంటాడు. బావమరిది వస్తే పక్క వీధిలో ఫ్లాటు చూపిస్తాడు. ఊరి కుర్రాడు ఉద్యోగం వెతుక్కుంటూ వస్తే ఆ బావమరిదే హాస్టల్‌లో చేర్పిస్తాడు. ఆ కుర్రాడు తన రూమ్‌మేట్లుగా ఎవర్ని తెస్తాడు? మళ్ళీ తణుకు, పెనుగొండ, రాజోలే. గౌతమి ఎక్స్‌ప్రెస్ లింగంపల్లి దాకా వస్తుంది, ఊరి బస్సులకి మియాపూర్, కేపీహెచ్‌బీలో పికప్పులు, వీధి వీధికీ మన టిఫిన్ సెంటర్లు. ఇన్నున్న చోటు వదిలి ఇంకో చోటికి ఎందుకు పోతారు?

ఇప్పుడు లెక్క మళ్ళీ వేయండి. మీరు తిరిగే ఆ చుట్టుపక్కల 5 లక్షల మంది ఉన్నారనుకుందాం. మీ 400 మందిలో 100 మంది అక్కడే ఉన్నారు. రోజుకి 500 ముఖాలు చూస్తే పది రోజులకొకరు తగలాలి. కోటి అనే అంకె మిమ్మల్ని భయపెట్టడానికే పనికొస్తుంది, మీరు నిజంగా బతికే నగరం కోటిమందిది కాదు.

మీ మూడు సందర్భాలూ ఇలాగే విడిపోతాయి. అమీర్‌పేటలో రెండు మెట్రో లైన్లు కలుస్తాయి. ఎల్‌బీ నగర్ నుంచి రాయదుర్గం పోయేవాడూ, నాగోల్ నుంచి మియాపూర్ పోయేవాడూ అక్కడ బండి మారడానికి ఆ మెట్ల మీదే రాసుకుని వెళ్ళాలి. మాస్టారు కూతురింటికి వచ్చినా, పెన్షన్ పని మీద వచ్చినా ఆ మెట్లు తప్పవు. ఆసుపత్రి సంగతి మరీ స్పష్టం. భీమవరంలోనో, రాజమండ్రిలోనో, కాకినాడలోనో డాక్టరుగారు "ఒకసారి హైదరాబాద్ చూపించండి" అన్నాక మనవాళ్ళు వెళ్ళేది నాలుగైదు పెద్దాసుపత్రులకే. ఏది మంచిదో ఎవర్నడిగారు? ఇంతకుముందు అక్కడికే వెళ్ళొచ్చిన మీ ఊరివాళ్ళనే. ఇక చేపల కొట్టంటారా, ఆదివారం పొద్దున్న పండుగప్ప తాజాగా దొరికే కొట్టు ఎక్కడుందో కనుక్కుని మరీ వచ్చే జనం ఎవరో నేను చెప్పక్కర్లేదు.

చోటే కాదు, వేళ కూడా కలవాలి. ఇక్కడ మనుషులు తాము అనుకునేదానికంటే చాలా పద్ధతిగా తిరుగుతారు. 2008లో బారబాసి అనే భౌతిక శాస్త్రవేత్త బృందం లక్షమంది మొబైల్ ఫోన్ల కదలికలు పరిశీలించి, మనిషి ఎంత తిరిగినట్టు కనపడినా మళ్ళీ మళ్ళీ వెళ్ళేది కొద్దిపాటి చోట్లకేనని చూపించింది. 2013లో సింగపూర్ బస్సు కార్డుల లెక్కలతో ఇంకో పరిశోధన వచ్చింది. రోజూ ఒకే వేళకి ఎక్కేవాళ్ళు అదే మనుషులకి పదేపదే ఎదురవుతున్నారు, ఒకరి పేరు ఒకరికి తెలియకపోయినా. మీరు పొద్దున్న ఎక్కే బండిలో ఎర్ర బ్యాగు అమ్మాయో, చెవిలో వైర్లు పెట్టుకున్న పెద్దాయనో ఒకరుంటారు, గమనించండి. ఆ పెద్దాయనది పాలకొల్లే కావచ్చు, ఎప్పుడూ పలకరించలేదు గనక మీ లెక్కలోకి రాలేదు.

లెక్కలోకి రానివాళ్ళ గురించి రెండు మాటలు. పక్క బోగీలో ఉన్నవాడు, మీరు లిఫ్టు ఎక్కిన నిమిషానికి కిందికి దిగినవాడు, మాస్కు పెట్టుకుని పక్కనుంచి పోయినవాడు, మిమ్మల్ని చూసి కూడా చూడనట్టు తల తిప్పుకున్నవాడు. ఈ చివరి రకం మీరనుకునేదానికంటే ఎక్కువమంది ఉంటారండోయ్. వీళ్ళందరినీ కలిపితే ముగ్గురు కాదు, ముప్ఫైమంది తేలొచ్చు.

దీనికి తోడు మన యాస. మెట్రోలో ఎవడో ఫోన్‌లో "ఆయ్, వచ్చేత్తన్నానండి, ఇంకో రెండు టేషన్లు" అన్నాడంటే చాలు, బోగీలో గోదావరి తలకాయలన్నీ అటు తిరుగుతాయి. ముఖం చూడకముందే చెవి పట్టేస్తుంది. తల తిరిగాక ముఖం చూస్తాం, చూశాక "ఎక్కడో చూసినట్టుందే" అనుకుంటాం, తర్వాత ఆగుతామా?

"మీదే ఊరు బాబూ?"

"మలికిపురం అండి."

"మలికిపురంలో ఎవరి తాలూకు?"

అక్కడినుంచి పొలం గట్ల వెంట, పెళ్ళిసంబంధాల వెంట వెతుక్కుంటూ వెళ్ళి ఎక్కడో ఒకచోట చుట్టరికం తేల్చేస్తారు. వీళ్ళని "తెలిసినవాళ్ళు కనపడ్డారు" అనే ఖాతాలో వేయకండి. వీళ్ళు అపరిచితులు, మాటల్లో తెలిసినవాళ్ళయ్యారు. అమెరికాలో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక కవరు బోస్టన్ దగ్గరి ఒక మనిషికి చేరాలి, కానీ తెలిసినవాళ్ళ చేతుల మీదుగానే వెళ్ళాలి అని పెట్టి చూశాడు. 1969లో అచ్చయిన ఫలితాల ప్రకారం 296 మందితో మొదలుపెడితే 64 కవర్లు చేరాయి, చేరినవాటికి మధ్యలో సగటున ఐదుగురికి కాస్త ఎక్కువ పట్టారు. అంత పెద్ద దేశంలోనే ఐదారుగురైతే, పక్కపక్కనే ఊళ్ళు, నాలుగూళ్ళకో హైస్కూలు ఉన్న డెల్టాలో ఒకరిద్దరు చాలు.

ఇక దీనికి అర్థం ఉందా అన్నారు. మా ఇంట్లో ఆవిడ ఋణానుబంధం అంటుంది. ఆ మాటతో నాకు పేచీ లేదు, లెక్కతో అది తగువు పెట్టుకోదు కూడా. కానీ "మాస్టారు కనపడ్డారు కాబట్టి ఉద్యోగం మానేసి గ్రూప్స్ రాయమని సంకేతం" లాంటి నిర్ణయాలకి మాత్రం పోకండి. అడిగారు కాబట్టి చెప్తున్నా, అలాంటివి నా దగ్గరికి చాలా వచ్చాయి.

సంకేతం లేకపోయినా ఉపయోగం ఉంది. మార్క్ గ్రనొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త, 1973లో అచ్చయిన తన పరిశోధన కోసం, బోస్టన్ శివార్లలో ఈమధ్యే ఉద్యోగం మారినవాళ్ళని అడిగాడు: పరిచయస్తుల ద్వారా ఉద్యోగం వచ్చింది కదా, ఆ పరిచయస్తుణ్ణి ఎంత తరచుగా కలుస్తారు? తరచూ అన్నవాళ్ళు 16.7 శాతం. అప్పుడప్పుడూ అన్నవాళ్ళు 55.6. ఎప్పుడో గానీ అన్నవాళ్ళు 27.8. కారణం ఊహించలేనిదేం కాదు. మీ రూమ్‌మేటుకి తెలిసిన ఖాళీలన్నీ మీకూ తెలుసు. చేపల కొట్టు దగ్గర తగిలిన సీనియర్ వేరే కంపెనీలో, వేరే మనుషుల మధ్య ఉన్నాడు. అతనికి తెలిసింది మీకు తెలియదు. కాబట్టి ఆ సీనియర్ నంబర్ తీసుకున్నారా? లేకపోతే వచ్చే ఆదివారం అదే వేళకి అదే కొట్టుకి వెళ్ళండి, వస్తాడు.

అయితే ఎదురుపడ్డ ప్రతివాడూ ఉద్యోగం ఇప్పిస్తాడని కాదు. అంత ఆప్యాయంగా పలకరించి, రెండో ఫోన్‌లోనే చిట్టీలో చేరమనో, డబ్బు కడితే ఆఫర్ లెటర్ ఇప్పిస్తాననో అనేవాళ్ళూ ఉంటారు. ఊరివాడన్న మొహమాటం ఇక్కడ పనికిరాదు. "నాన్నగారిని అడిగి చెప్తానండి" అనండి, చాలావరకు అక్కడితో ఆగిపోతుంది.

పలకరింపుల్లో కుర్రాళ్ళు ఇబ్బంది పడేది పేరు గుర్తురానప్పుడు. మనవైపు దీనికి టెన్షన్ పడక్కర్లేదు, వరసలున్నాయి. పెద్దవాళ్ళయితే బాబాయిగారూ, పిన్నిగారూ అంటే సరిపోతుంది. మాస్టారైతే మాస్టారే. తర్వాత "ఇంట్లో అందరూ బాగున్నారాండీ, ఇప్పుడు ఎక్కడుంటున్నారు?" అని అడిగితే ఆయనే మాటల్లో తన వివరాలన్నీ చెప్పేస్తారు. నంబరు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు "మీరే సేవ్ చేయండి బాబాయిగారూ" అని ఫోన్ చేతికివ్వండి. పేరు ఆయనే టైపు చేస్తారు. చత్వారం ఉంటే మాత్రం ఈ ఉపాయం పారదు.

ఆసుపత్రిలో తగిలినప్పుడు మటుకు వేరే పద్ధతి. ఏం జబ్బు, ఎవరికి, ఎంతయింది అని అడగకండి. చెప్పదలిస్తే వాళ్ళే చెప్తారు. "భోజనం చేశారా, టీ తెచ్చిపెట్టనా, రాత్రికి ఎవరుంటున్నారు?" ఇంతవరకే. ఊరినుంచి వచ్చినవాళ్ళకి అక్కడ డాక్టర్లు కాదు కష్టం. ఏ కౌంటర్ ఎక్కడుందో, రిపోర్టు ఏ అంతస్తులో ఇస్తారో, ఫోన్‌లో టోకెన్ ఎలా తీయాలో తెలియక తిరుగుతుంటారు. మీకు అరగంట ఉంటే ఆ కాగితాలు పట్టుకుని వాళ్ళతో తిరగండి. ఊరికి ఫోన్ చేసి "ఫలానావాళ్ళు ఆసుపత్రిలో కనపడ్డారు" అని చెప్పే పని మాత్రం పెట్టుకోకండి. సంబంధాలు చూస్తున్న ఇంట్లో అలాంటి కబురు ఎంత దూరం పోతుందో మీకు తెలియనిది కాదు.

మూడో ప్రశ్న. మీరు ఎవరితో కలిసి వెళ్తున్నారో నేనడగను. లెక్క ప్రకారం ఎదురుపడాలంటే చోటూ వేళా రెండూ కలవాలి, కాబట్టి రెంటిలో ఒకటి మార్చినా చాలు. వేళ మార్చడం తేలిక. ఆదివారం సాయంత్రం మాల్‌లో తెలిసినవాళ్ళు తగులుతుంటే మంగళవారం పొద్దున్న ఆటకి వెళ్ళండి. చోటు మార్చాలంటే కూకట్‌పల్లి నుంచి మాదాపూర్ పోవడం మార్పు కాదు, అదే జనం అక్కడికీ వస్తారు. సైనిక్‌పురి వైపో, పాతబస్తీ వైపో పోవాలి. అయినా ఎవరో ఒకరు చూశారనుకోండి, వాళ్ళకంటే ముందు మీరే అమ్మగారికి ఫోన్ చేసి "మన వీధి చివర పిన్నిగారు కనపడ్డారమ్మా" అనేయండి. మీరే చెప్పిన కబురుని సాయంత్రం ఆవిడ ఫోన్ చేసి చెప్పినా పస ఉండదు.

సంక్రాంతి ముందు మూడు రోజులు మాత్రం ఈ సలహాలేవీ పనిచేయవు. ఆ మూడు రోజులూ మియాపూర్, కేపీహెచ్‌బీ పికప్పుల దగ్గర మీ 400 మందిలో ఎంతమంది నిలబడతారో నేను లెక్క కట్టలేను. తప్పదనుకుంటే ఎల్‌బీ నగర్ దాకా మెట్రోలో పోయి అక్కడ బస్సెక్కండి. కాకపోతే ఆ బస్సులన్నీ వెళ్ళేది విజయవాడ హైవే మీదే, అర్ధరాత్రి టీకి ఆగేది సూర్యాపేట చుట్టుపక్కలే. అక్కడ ఎవరూ గుర్తుపట్టకూడదంటే బస్సు దిగకండి.